212 బయట

భరణి కార్తె, 3వ రోజు

ఇది తలుపు పుస్తకం. ముందువైపు నుంచి తిప్పితే రెండో గోడౌనులో ఎవరు ఏ వేళకు బయటికి వెళ్లారో, ఏ వేళకు లోపలికి వచ్చారో ఉంటుంది. వెనకవైపు కాగితాలు ఖాళీగా పడి ఉన్నాయి కనుక నా సొంత గోడు ఇక్కడ రాసుకుంటున్నాను. తొమ్మిదేళ్లుగా తలుపు గుమాస్తాగా ఉన్నాను, నేను తప్ప ఇంకెవరూ ఈ పుస్తకం తెరిచి చూసింది లేదు.

ఈరోజు బయటికి వెళ్లింది ఆరుగురు. సోలార్ ప్లేట్లు తుడవడానికి నలుగురు, బోరు చూడడానికి ఇద్దరు. ఐదింటికి వెళ్లి ఏడుకు ముందే వచ్చేశారు. తలుపు పక్కన వెలిగే బోర్డు మీద మా గోడౌను నంబర్లు నూట నలభై మూడింటికీ ఎదురుగా 'లోపల' అని పడింది. ఏడు దాటాక ఎండలో అరగంట నిలబడ్డ మనిషి మళ్లీ మామూలు మనిషి కావడానికి నాలుగు రోజులు పడుతుంది.

తాసీల్దారు మాత్రం పొద్దున్నుంచీ తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. తాసీల్దారంటే పిల్లి. మా ఆయన ఏసుపాదం మూడేళ్ల కిందట ప్లేట్లు తుడవడానికి వెళ్లి, ఎండిన కాలవ తూములో దొరికిందని చొక్కాలో దాచుకుని తెచ్చాడు. ఏ పనీ చెయ్యకుండా అన్ని గదులూ తనిఖీ చేసి, చివరికి మంచి కుర్చీ చూసుకుని కూర్చుంటుందని ఆ పేరు ఆయనే పెట్టాడు. ఈ గోడౌను ఒకప్పుడు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ. బస్తాల మధ్య ఎలుకలు ఉన్నంతకాలం తాసీల్దారుకు చేతినిండా పని ఉండేది. ఎలుకలు అయిపోయాయి. ఏసుపాదం కూడా పోయాడు, పోయిన క్రిస్మస్ వారంలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మా మంచం మీదే. రోజూ పొద్దున ఆయన వచ్చేది ఈ తలుపులోంచే కనుక పిల్లి ఇక్కడ కూర్చుంటోందని నేననుకుంటాను. పైకి అనలేదు, అంటే నవ్వుతారు.

ఏడుపుతో ఊరుకుంటే బాగుండేది. గోడకు అంటించిన థర్మోకోలు పలకల్ని గోళ్లతో చీరుతోంది. ఈరోజు జానెడు మేర పోయింది. చల్లదనం మిషను చూసే ఖాసింభాయ్ వచ్చి ఆ కంతలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఇదిగో అమ్మాయ్, ఇంకో రెండు జానలు చీరిందంటే నా మిషను పడకేసుద్ది. పిల్లికి చెప్పు."

"నువ్వే చెప్పు భాయ్. నీ మాటైతే వింటుంది."

ఆయన నిజంగానే కింద కూర్చుని దానికి చెప్పాడు. అది ఆయన తొడ మీద పడుకుంది, విన్నదేమీ లేదు.

భరణి కార్తె, 10వ రోజు

ఈరోజు పిల్లి మీద పంచాయితీ. మా గోడౌను పెద్ద రత్నమ్మగారు ఒకప్పుడు టీచరు, ఇప్పటికీ ఎవరు మాట్లాడాలో వేలు చూపించి చెబుతుంది. మా పక్క గది పిచ్చమ్మ లేచి, బయటికి పంపితే పిడుదులు మోసుకొస్తుంది, లోపల ఉంచితే గోడ తింటుంది, ఎటు చూసినా నష్టమే అంది. ఖాసింభాయ్ మాత్రం దానికి బయటి గాలి తగలాలి, అంతే, అన్నాడు. వీపు మీద వెంట్రుకలు నాకి నాకి బోడి చేసుకున్న చోటు ఎత్తి చూపించాడు.

"సువార్తా, నాకు పిల్లి మీద కోపం లేదు" అంది రత్నమ్మగారు నాతో. "నేను చూసుకోవాల్సిన మనుషులు నూట నలభై రెండుమంది. రోహిణి వచ్చిందంటే పద్నాలుగు రోజులు తలుపే తియ్యం. ఆ పద్నాలుగు రోజులూ అది గోడ మీద పడితే మనం బతకం. రోహిణి లోపల ఏదో ఒకటి తేల్చు. బయట బతకడం అలవాటైతే బయటే వదిలెయ్. కాదంటే గోనెసంచి ఉంది."

గోనెసంచి అన్నప్పుడు నావైపు చూడలేదు. ఆమె కూడా దానికి అన్నం పెట్టిన మనిషే.

కృత్తిక కార్తె, 1వ రోజు

నులక తాడు పేని, మెడకు కాకుండా ముందుకాళ్ల కిందుగా కట్టి, ఐదింటికి తాసీల్దారును బయటికి తీసుకెళ్లాను. తలుపు దాటగానే నేలకు కరుచుకుపోయింది. మిరపకాయలు ఆరబోసిన కల్లాలు ఎర్రగా పగుళ్లిచ్చి ఉన్నాయి, అటువైపు జిన్నింగు మిల్లు గోడ, కంచె నిండా కంప. కాసేపటికి లేచి ఎండుతుమ్మ మొదలు మీద గోళ్లు గీసింది. మా గోడ కంటే అదే బాగుందనుకుంటాను. తర్వాత గాలికి ఎదురుగా కూర్చుని ముక్కు ఆడించింది. గంటసేపు ఒక్కసారి కూడా ఏడవలేదు. లోపలికి వచ్చాక సంకటి ముద్ద మొత్తం తిని, సాయంత్రం దాకా నిద్రపోయింది. గోడ జోలికి పోలేదు.

నాకు చాలా సంతోషమైంది. క్రిస్మస్ తర్వాత ఇదే మొదటిసారి.

కృత్తిక కార్తె, 3వ రోజు

ఏడు గంటలకు గంట మోగింది. ఐదో గోడౌను నంబరు ఒకటి బయటే ఉండిపోయింది. వంతు ఒకటో గోడౌనుది. వాళ్లు గోనెలు తడుపుకుని, నీళ్లు నింపుకుని, ఏడున్నరకల్లా ఇద్దర్ని పంపారు. కాలు మడతపడి కాలవలో కూర్చున్న మనిషిని మోసుకొచ్చారు. ఎవరినో నాకు తెలియదు. మోసుకొచ్చినవాళ్లకు కూడా ముఖం చూశాకే తెలిసి ఉంటుంది.

ఆరు గోడౌన్లలోనూ ఒకటే కట్టుబాటు. గంట మోగితే వెళ్తాం, ఎవరని అడగం. మొదటి వేసవిలో ఆరో గోడౌను తలుపు ముందుకు ఇరవై ఒక్కమంది వచ్చి కొట్టారు. లోపలివాళ్లు ఎవరు మీరు, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగారు. బయటివాళ్లు ఓపిగ్గా చెప్పారు. లోపల వాదులాట మొదలైంది, వీళ్లను తీసుకుందామని కొందరు, వాళ్లనైతే వద్దని కొందరు. వాదులాట తేలేసరికి బయట జవాబు చెప్పేవాళ్లు లేరు. అప్పటినుంచి బోర్డు మీద పేర్లు తీసేశారు, నంబర్లే. ఆ ఇరవై ఒక్కమందిలో మా మేనత్త ఉంది. ఈ కట్టుబాటు గురించి నాతో ఎవరైనా ఎకసెక్కంగా మాట్లాడితే ఊరుకోను.

కృత్తిక కార్తె, 5వ రోజు

తాసీల్దారు తాడులోంచి వెనక్కి జారి పారిపోయింది. మిల్లు దాకా వెతుక్కుంటూ పోయాను. ఆరున్నరకు కళ్లు బైర్లు కమ్మి, ఎలా వచ్చానో తెలియకుండా తలుపు దగ్గరికి వచ్చి పడ్డాను. చూస్తే అది నాకంటే ముందే వచ్చి, బయటి తలుపు కింద బస్తాలు తోసే చిన్న షట్టరు ముందు కూర్చుని ఉంది. ఆలస్యం ఎందుకైందని నన్ను అడుగుతున్నట్టు చూసింది.

అంటే దానికి దారి తెలుసు, వేళ తెలుసు. తాడుతో నేను వెంటబడితే నేను చచ్చిపోతాను తప్ప దానికి ఒరిగేదేమీ లేదు. తనంతట తను వెళ్లి తనంతట తను రావాలి. కానీ షట్టరు తెరుచుకోవాలంటే మేం చేతికి కట్టుకునే నంబరు బిళ్ల ఉండాలి. ఐదుకు నేనే తెరిచి పంపగలను. ఆరు నుంచి ఏడు దాకా నేను లోపలి గదుల్లో తిరుగుతూ హాజరు తీసుకోవాలి. ఆ వేళకు వచ్చి ఏడిస్తే తీసేవాళ్లుండరు.

కృత్తిక కార్తె, 6వ రోజు

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను.

మా అందరి చేతికీ బిళ్ల ఉంటుంది. తలుపు దానికే తెరుచుకుంటుంది, మనిషి ఎక్కడున్నదీ దాన్నిబట్టే బోర్డుకు తెలుస్తుంది. మనిషి పోతే ఆ నంబరు తీసెయ్యడం గుమాస్తా పని. బోర్డు కింద తీసివేత మీట ఉంది, నొక్కితే నిమిషంలో అయిపోతుంది. తర్వాత పుట్టిన బిడ్డకు ఆ నంబరు ఇస్తాం. తొమ్మిదేళ్లలో ముప్ఫై ఏడు నంబర్లు తీశాను. ఏసుపాదం నంబరు 212. అది తియ్యలేదు.

పాతిపెట్టి వచ్చిన రోజు ఒంట్లో బాగాలేదు, రేపు చూద్దామనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. ఐదు నెలలైంది. గోడౌనులో ఆయన పోయాడని తెలియనివాళ్లు లేరు, కానీ బోర్డు చూసేది నేనొక్కదాన్నే. మిగతా ఐదు గోడౌన్లకు మేం నంబర్లమే. అందుకే బోర్డు మీద నూట నలభై మూడు, మనుషులు నూట నలభై రెండు. రోజూ సాయంత్రం '212 లోపల' అని చూసి పడుకుంటున్నాను. దీనివల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఈరోజు ఆ బిళ్లను పెట్టెలోంచి తీసి తాసీల్దారు మెడకు కట్టాను. గట్టి తాడు కడితే కంపకు తగులుకుని ఉరిపడుతుంది. మా చిన్నప్పుడు అలా పోయిన పిల్లిని చూశాను. అందుకని పాత చీర అంచులోంచి నూలుపోగులు తీసి, గట్టిగా లాగితే తెగిపోయేలా కట్టాను. తాసీల్దారు దగ్గరికి వెళ్లగానే షట్టరు పైకి లేచింది. పిల్లి ఒకసారి నావైపు చూసి వెళ్లిపోయింది. ఖాసింభాయ్ ఒక్కడికే చెప్పాను. ఆయన ఆ పోగులు ఒకసారి లాగి చూసి తల ఊపాడు.

కృత్తిక కార్తె, 12వ రోజు

ఆరు రోజులుగా ఒక్క పొరపాటూ లేదు. ఐదుంపావుకు వెళ్తుంది, ఆరున్నరలోపు వచ్చేస్తుంది. నిన్న ఒక బల్లిని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఈరోజు కంజుపిట్ట ఈక. కంజుపిట్టలు ఇంకా ఉన్నాయని రత్నమ్మగారికి చూపిస్తే, ఆ ఈక తీసుకుని తన పుస్తకంలో పెట్టుకుంది. వీపు మీద బోడి చోట నూగు వస్తోంది. గోడ మీద కొత్త గీత ఒక్కటీ లేదు.

"తేల్చావన్నమాట" అంది రత్నమ్మగారు.

"తేల్చానండీ" అన్నాను. ఎలా అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా రాస్తాను. హాజరు గబగబా ముగించుకుని ఆరూ ఇరవైకల్లా వచ్చి బోర్డు చూస్తే '212 బయట' అని ఉంటుంది. కాసేపటికి షట్టరు చప్పుడవుతుంది, '212 లోపల' అవుతుంది. తొమ్మిదేళ్లు నా పొద్దులు ఇలాగే గడిచాయి. అది పిల్లి అని నాకు తెలుసు, నాకేం మతి పోలేదు. అయినా ఆ అక్షరాలు మారే క్షణం కోసం ఆరు రోజులుగా తొందరగా హాజరు ముగిస్తున్నాను. పిల్లి కోసం కట్టానో, నా కోసం కట్టానో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

రేపటితో కృత్తిక అయిపోతుంది. ఎల్లుండి నుంచి షట్టరుకు కూడా గడియ పెట్టాలి.

రోహిణి కార్తె, 1వ రోజు, ఉదయం

నాలుగున్నరకే లేచి షట్టరు దగ్గర కూర్చుంది. గడియ పెట్టాలి. పద్నాలుగు రోజులు దీన్ని లోపల ఎలా ఆపాలో తెలియదు. ఇంకొక్క పొద్దు తిరిగొస్తే రెండు రోజులు శాంతంగా ఉంటుందనుకున్నాను. చీకటి ఉండగానే వదిలాను. ఆరున్నరకు వస్తుంది, అప్పుడు గడియ పెట్టేస్తాను.

ఆరూ నలభై. రాలేదు. బోర్డు మీద 212 మిల్లు దగ్గర కనిపిస్తోంది. కదలడం లేదు.

ఏడు. గంట మోగుతోంది.

రోహిణి కార్తె, 1వ రోజు, మధ్యాహ్నం

పొద్దున జరిగింది వరసగా రాస్తాను.

రోహిణిలో గంట మోగడం ఇదే మొదటిసారి. ఎవరూ నా దగ్గరికి రాలేదు, ఎవరని అడగలేదు. వంతు నాలుగో గోడౌనుది. వాళ్లు గోనెలు తడుపుకుని బయల్దేరడానికి అరగంట పడుతుంది. నా ముందు తీసివేత మీట ఉంది. నొక్కితే గంట ఆగిపోతుంది, 212 పోతుంది, ఎవరూ బయల్దేరరు.

నేను దాని మీద వేలు పెట్టాను. పెట్టి, నొక్కలేదు. నొక్కితే బిళ్ల చచ్చిపోతుంది, పిల్లి వస్తే షట్టరు తెరుచుకోదు అని ఒక కారణం. నేను ఇక్కడే ఉన్నాను కనుక నా బిళ్లతో తెరవొచ్చని ఆ క్షణంలో తోచలేదా అంటే, తోచింది. వాళ్లు ఫోను చేసి అడుగుతారు, అప్పుడు చెబుదామని ఇంకో కారణం. ఎవరూ అడగరని ఈ ఆరు గోడౌన్లలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అసలు కారణం, ఆ మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. ఐదు నెలలుగా రానిది ఇప్పుడూ రాలేదు. ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది అనుకుంటూ షట్టరు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఏడున్నరకు బోర్డు మీద ఇంకో రెండు నంబర్లు మారాయి. 388 బయట. 391 బయట.

ఎనిమిదికి షట్టరు అవతల పిల్లి ఏడుపు వినిపించింది. షట్టరు లేవలేదు. నా బిళ్లతో తెరిచాను. తాసీల్దారు లోపలికి వచ్చింది. పాదాలు కాలాయి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. మెడలో బిళ్ల లేదు. ఏదో కంపకు తగులుకున్నట్టుంది, నేను కట్టినట్టే నూలుపోగు తెగింది.

బోర్డు మీద 212 ఇంకా మిల్లు దగ్గరే ఉంది, కదలకుండా. అటువైపు ఇద్దరు మనుషులు నడుస్తున్నారు.

అప్పుడు నొక్కాను. గంట ఆగింది. ఫోను తీసుకుని నాలుగో గోడౌనుకు చేశాను. గుమాస్తా శీనయ్య ఎత్తాడు.

"శీనయ్యా, మీవాళ్లను వెనక్కి పిలువు. ఆ నంబరు..."

"చెప్పమాక అక్కా. ఎవరైనా మాకొకటే. ఈపాటికి సగం దూరం పోయుంటారు."

"మనిషి కాదు శీనయ్యా. పిల్లి. పిల్లి మెడలో బిళ్ల."

"పిలవడానికి వాళ్ల దగ్గర ఏముందక్కా" అన్నాడు. "బిళ్ల ఎక్కడుందో చూపించే పెట్టె తప్ప."

ఫోను పెట్టేసరికి ఖాసింభాయ్ వచ్చి వెనక నిలబడి ఉన్నాడు. పిల్లిని చూశాడు, బోర్డు చూశాడు.

"నంబరు తీసేసినావా?"

"తీసేశాను. గంట ఆగింది."

"ఆళ్ల పెట్టెలో గుర్తు కూడా ఆగిద్ది గదమ్మాయ్. ఎండకు బిళ్ల కాలిపోయిందనుకుంటారు. గుర్తుంటే తిన్నగా పోయి, బిళ్ల చూసుకుని వచ్చేవోళ్లు. ఇప్పుడు మనిషి కోసం మిల్లంతా దేవులాడతారు."

నేను గోనె తడిపి కప్పుకున్నాను, వెళ్లి చెబుతానని. ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"వంతు లేకుండా నువ్వు గడప దాటితే నీ నంబరు మోగుద్ది. నీ కోసం ఇంకో ఇద్దరు బయల్దేరతారు. ఎవరని అడగరు ఆళ్లు."

"బిళ్ల ఇక్కడ పడేసి పోతాను."

"పడిపోతే ఎక్కడున్నావో ఎవుడికి తెలుసుద్ది? మిల్లు దాకా పోలేవు. పోయినసారి కృత్తికలోనే పడ్డావు."

ఆయనకు డెబ్భై దాటాయి. తోసేస్తే పడిపోతాడు. నేను తొయ్యలేదు.

రోహిణి కార్తె, 1వ రోజు, సాయంత్రం

పదింపావుకు మా తలుపు ఎవరో కొట్టారు. మిల్లుకు మా గోడౌనే దగ్గర. 388 వచ్చాడు. పేరు మస్తాన్‌వలి, ముప్ఫై ఏళ్లు ఉండవు. ముఖం వాచిపోయి కళ్లు మూసుకుపోతున్నాయి. ఒక్కడే వచ్చాడు.

"వెంకాయమ్మక్క కాలవ కట్ట మీద కూలబడింది" అన్నాడు. "మొయ్యలేకపోయినా."

అప్పటికే కదలకుండా ఆగిపోయిన 391 కోసం గంట మోగి, ఐదో గోడౌను నుంచి ఇంకో ఇద్దరు బయల్దేరారు. అతన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు కొంచెం కొంచెంగా పోశాను. అతను పిడికిలి విప్పి బల్ల మీద బిళ్ల పెట్టాడు. దానికి నా చీర అంచు పోగు వేలాడుతోంది.

"మనిషి దొరకలేదమ్మా. పెట్టెలో గుర్తు మధ్యలో ఆరిపోయింది. మిల్లు లోపల రెండుసార్లు చూశాం, బావిలో కూడా తొంగి చూశాం. చివరికి కంచెలో ఇది దొరికింది. అక్క ఇంకోసారి చూద్దామంది. మనిషి ఎక్కడో పడుంటే మనల్ని పిలవలేక చూస్తుంటాడేమో అంది." నీళ్లు మింగాడు. "ఆ ఇంటోళ్లు ఎవరో, ఏమనుకోవద్దని చెప్పు. నీళ్లు అయిపోయినయ్, లేకపోతే వదిలొచ్చేవోళ్లం కాదు."

"ఆ ఇంటిదాన్ని నేనే" అన్నాను.

అతను లేవబోయి, లేవలేక, నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు నాతో.

తాసీల్దారు వచ్చి బిళ్లను వాసన చూసి, అతని కాళ్లకు రాసుకుంది. బొబ్బలెక్కిన చేత్తో అతను దాని తల నిమిరాడు. నేను అప్పుడు చెప్పలేదు. అతను నీళ్లు తాగుతున్నాడు కదా, కాస్త తేరుకోనీ అనుకున్నాను. అన్నీ తర్వాత చెబుదామనుకునే మనిషిని నేను.

పొద్దుగూకేటప్పుడు, ఎండ తగ్గాక, ఐదో గోడౌనువాళ్లు వెంకాయమ్మను తెచ్చారు. ఆమెకు నలభై నాలుగేళ్లు. తడిగోనె ఆమె మీదే ఆరి బిగుసుకుపోయింది. వంతు రాకపోయినా, ఒంట్లో బాగాలేని మరిది బదులు తను వచ్చిందట.

రోహిణి కార్తె, 2వ రోజు

ఆరు గోడౌన్లకూ ఒకేసారి వినిపించే ఫోనులో చెప్పాను. ఏసుపాదం ఎప్పుడు పోయాడో, నంబరు ఎందుకు తియ్యలేదో, బిళ్ల ఎవరి మెడలో కట్టానో, మీట మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో. చెప్పడం అయ్యాక ఒక్కొక్క గోడౌనూ ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆరో గోడౌను చివరగా పెట్టింది.

మస్తాన్‌వలి మా దగ్గరే పడుకుని ఉన్నాడు, రోహిణి అయ్యేదాకా కదలడానికి లేదు. సంకటి నేను తెస్తే గోడవైపు తిరిగాడు. పిచ్చమ్మ తెస్తే తిన్నాడు.

212 స్థానంలో బోర్డు మీద ఖాళీ ఉంది. దాని తర్వాత 391 కూడా నేనే తియ్యాల్సి వచ్చింది, శీనయ్య నన్నే తియ్యమన్నాడు.

మృగశిర కార్తె, 2వ రోజు

ఆరు గోడౌన్ల పెద్దలూ తెల్లవారుజామున ఆరుబయట కల్లంలో కూడారు. నన్ను రమ్మన్నారు. నన్ను గెంటేస్తారని, లేదా తలుపు పని తీసేస్తారని అనుకుంటూ వెళ్లాను. దేనికైనా సిద్ధపడే వెళ్లాను. ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. ఎత్తింది కట్టుబాటు మాట.

"ఇకనుంచి గంట మోగితే ముందు ఫోను చేద్దాం" అన్నాడు ఆరో గోడౌను పెద్ద. "ఎవరు, ఏ పని మీద పోయారు, నిజంగా మనిషేనా. తెలుసుకుని పంపుదాం. తెలియకుండా పంపి ఒక మనిషిని పోగొట్టుకున్నాం."

రత్నమ్మగారు లేచింది. "నిజంగా మనిషేనా అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఎవరి మనిషి అన్న దగ్గరికి పోతుంది. నేను చూసినదాన్ని."

"మీ గోడౌను వల్లే ఇది వచ్చింది రత్నమ్మా" అన్నాడాయన. ఆమె కూర్చుంది.

నేను చేతులు జోడించాను. నన్ను ఏమైనా చెయ్యండి, కట్టుబాటు మార్చొద్దు అన్నాను. వెంకాయమ్మ మరిది నావైపు చూడకుండా, "ఆమెను మాట్లాడొద్దని చెప్పండి" అన్నాడు. మస్తాన్‌వలిని అడిగారు. వాపు తగ్గింది గానీ ఒక కన్ను సరిగ్గా తెరుచుకోవడం లేదు.

"తెలిసుంటే పోయేవాణ్ణి కాదు" అన్నాడు. "ఇకమీదట తెలుసుకునే పోతా."

చేతులెత్తమన్నారు. కట్టుబాటు మారింది. రెండో గోడౌను ఫోను దగ్గర సువార్తే ఉండాలని, ఎవరడిగినా పేరూ వివరమూ ఆమే చెప్పాలని తీర్మానించారు. శిక్ష అని ఎవరూ అనలేదు.

షట్టరుకు మేకులు కొట్టేశారు. పిల్లిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. గోనెసంచి మాట ఎవరూ ఎత్తలేదు. ఖాసింభాయ్ దాన్ని మిషను గదిలో పడుకోబెట్టుకుంటున్నాడు. కాలిన పాదాలకు వెన్న రాస్తున్నాడు. పొద్దున ఐదుకు అది ఇక్కడికొచ్చి, మేకులు కొట్టిన షట్టరు ముందు కూర్చుంటుంది.

ఆరుద్ర కార్తె, 6వ రోజు

ఏడుకు గంట మోగింది. మా నంబరే. 67 బయట. బోరు దగ్గర కదలకుండా ఉంది.

వంతు ఆరో గోడౌనుది. ఏడూ ఐదుకు ఫోను వచ్చింది. గుమాస్తా కొత్తవాడు, గొంతు ఎరగను.

"ఎవరు?"

"శౌరి. పిచ్చమ్మ అల్లుడు."

"ఏ పని మీద పోయాడు?"

"బోరు మోటారు ఆగితే చూడ్డానికి. మనిషే నాయనా. నేను నా చేత్తో రాసుకున్నాను, ఐదింటికి."

"ఆగు" అన్నాడు.

ఆగాను. పిచ్చమ్మ, కూతురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిచ్చమ్మ నన్నేమీ అడగలేదు. ఆరో గోడౌనువాళ్లు గోనెలు తడుపుకున్నారా అన్నట్టు ఫోను వైపు చూస్తోంది. తాసీల్దారు షట్టరు దగ్గర ఏడుస్తోంది, ఖాసింభాయ్ వచ్చి ఎత్తుకుని పోయాడు.

ఏడూ ఇరవైకి మళ్లీ ఆ గొంతు వచ్చింది.

"శౌరి అంటే ఏ శౌరి? ఎవరి తాలూకు?"

చెప్పాను. వాళ్ల నాన్న పేరు, ఊరి పేరు, ఊళ్లో ఏ వీధో, అన్నీ ఓపిగ్గా చెప్పాను.

ఇప్పుడు ఏడూ నలభై. ఇదివరకైతే ఇద్దరు బయల్దేరి పది నిమిషాలయ్యేది. ఫోను నా చెవి దగ్గరే ఉంది. అవతల చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నారు.